ఎడమ చెయ్యి వదలొద్దు

(ఎయిర్ రైఫిల్ వేసవి శిబిరం మొదటి రోజున, కొత్తగా చేరిన పిల్లలతోనూ వాళ్ల తల్లిదండ్రులతోనూ శిక్షకుడు మాట్లాడిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. పిల్లలూ, కాస్త ముందుకు జరిగి కూర్చోండి. వెనకాల నిలబడ్డ అమ్మలు, నాన్నలు కూడా రండి, కుర్చీలు ఉన్నాయి. నేను చెప్పేదాంట్లో సగం పిల్లలకైతే సగం మీకు.

నా చేతిలో ఉన్నది స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్. బ్యారెల్ చివర నుంచి బయటికి వేలాడుతున్న ఈ ఆరెంజ్ తాడు కనబడుతోందా? ఇది ఈ చివర నుంచి ఆ చివర దాకా బ్యారెల్ మొత్తం లోపల ఉంది. అంటే లోపల పెల్లెట్, అదే చిన్న సీసపు గుండు, లేదని, తుపాకీని ముట్టుకోకుండానే, గదికి ఆ మూల కూర్చున్నవాళ్లకి కూడా తెలుస్తుంది. తాడు లేని తుపాకీ కనిపించిందా, అది లోడై ఉన్నట్టే అనుకోండి. ఎవరు ఏం చెప్పినా సరే. "ఖాళీదే సార్" అని నాకు చెప్పినవాళ్లున్నారు. ఖాళీ అయితే తాడు ఎందుకు లేదు అని అడుగుతాను.

నిన్న ఫోన్లో ఒక నాన్నగారు అడిగారు, "సార్, మావాడు ఎన్ని రోజుల్లో టెన్ కొడతాడు?" అని. ఆయన ఇక్కడే ఉన్నారు, ఏమీ అనుకోకండి, మంచి ప్రశ్నే. కానీ ఈ వారం రోజులూ మనం టెన్ గురించి, అంటే టార్గెట్ మధ్యలో ఉండే పది పాయింట్ల చుక్క గురించి మాట్లాడుకోం. వారమంతా లోడ్ చేయడమే. బ్యారెల్‌ని ఇరుసు దగ్గర కిందికి మడవడం, పెల్లెట్ పెట్టడం, మూయడం, ఎత్తడం, దించడం. అంతే.

ఎందుకో ఒక లెక్క చెబుతాను. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో 60 షాట్లు, ఎలక్ట్రానిక్ టార్గెట్ల మీద అయితే 75 నిమిషాలు. అంటే షాటుకి 75 సెకన్లు వస్తాయి. ఆ 75 సెకన్లలో రైఫిల్ భుజాన పెట్టుకుని గురి చూసేది ఎంతసేపు? మంచి షూటర్ అయితే ఏడెనిమిది సెకన్లు, మహా అయితే పది. మిగతా అరవై సెకన్ల పైచిలుకు సమయమంతా తుపాకీ కిందే ఉంటుంది. పెల్లెట్ తీసుకోవడం, పెట్టడం, మూయడం, ఊపిరి సర్దుకోవడం. ఆ పోటీల్లో ఇప్పుడు స్ప్రింగు తుపాకులు వాడరు, సిలిండర్లో ముందే గాలి నింపుకున్నవి వాడతారు. అయినా లెక్క మారదు. ఆటలో ఎక్కువ భాగం జరిగేది గురి చూసేటప్పుడు కాదు, గురికి ముందు. ఆ భాగాన్ని ఎవరూ ఫొటో తీయరు కాబట్టి మనకి తెలియదు.

నాకు ఇది షూటింగ్ రేంజిలో తెలిసింది కాదు, తిరునాళ్లలో తెలిసింది.

మాది నరసరావుపేట పక్కన పల్లె. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల అంటే మీలో గుంటూరు వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. ఒక్కో ఊరి నుంచి ప్రభలు, అంటే లైట్లతో అలంకరించిన ఎత్తైన కట్టడాలు, కట్టుకొస్తారు, రాత్రంతా ఆ లైట్లకి కొండ కింద పగలులా ఉంటుంది. మా మామయ్యకి అక్కడ బెలూన్ల కొట్టు ఉండేది. చూసే ఉంటారు, చెక్క బోర్డు మీద వరసగా బెలూన్లు, అడ్డంగా ఒక బల్ల, బల్ల మీద రెండు ఎయిర్ గన్‌లు. నాకప్పుడు పన్నెండేళ్లు. డబ్బులు తీసుకోవడం, జనాన్ని పిలవడం మామయ్య పని. లోడ్ చేసి అందించడం నా పని. రాత్రికి మూడు నాలుగు వందల సార్లు బ్యారెల్ మడిచేవాణ్ణి.

ఇక్కడొకటి గమనించండి. మామయ్య కొట్టు దగ్గరికి వచ్చినవాళ్ల చేతికి లోడింగ్ ఇచ్చేవాడు కాదు. ఎంత పెద్దవాళ్లు అడిగినా ఇచ్చేవాడు కాదు. "కొట్టడం నీ ఇష్టం, నింపడం మాత్రం నాది" అనేవాడు. నేను నింపి బల్ల మీదుగా ఇచ్చేటప్పుడు తుపాకీ నోరు బోర్డు వైపు, వెనక చెక్క మనిషి వైపు. తిరిగి తీసుకునేటప్పుడూ అంతే. వెనకాల పదివేల మంది జనం నడుస్తుంటే, ఆ తుపాకీ నోరు ఒక్కసారి కూడా జనం వైపు తిరగలేదు. ఇప్పుడు నేను రేంజిలో ఎన్ని రూల్స్ చెప్పినా వాటికి మూలం ఆ బల్లే.

ఆ రెండో రాత్రి జరిగింది చెబుతాను. పెద్ద ప్రభలు వచ్చేశాయి, జనం ఒక్కసారిగా కొట్టు మీద పడ్డారు. నేను తొందరలో ఉన్నాను. రెండు తుపాకుల్లో ఒకటి బాగా పాతది, ట్రిగ్గర్ లోపలి కొక్కెం అరిగిపోయి ఉంది, నాకు తెలియదు. బ్యారెల్ కిందికి లాగాను, టక్‌మంది. పెల్లెట్ చెమట చేతిలో జారిపోతోంది. దాన్ని సరిచేద్దామని ఎడమ చెయ్యి బ్యారెల్ మీద నుంచి తీసి, రెండు చేతులతో పెల్లెట్ పెట్టబోయాను. కొక్కెం జారింది. స్ప్రింగు మొత్తం ఒక్కసారిగా విప్పుకుంది. బ్యారెల్ తనంతట తాను పైకి లేచి మూసుకుంది. మధ్యలో నా చూపుడువేలు.

గోరు నల్లబడి, ఊడిపోయి, కొత్తది పూర్తిగా రావడానికి ఐదారు నెలలు పట్టింది. ఎముక విరగకపోవడం నా అదృష్టం. మామయ్య తిట్టలేదు. వేలు నీళ్లతో కడిగి, తన తువ్వాలు చించి కట్టు కట్టాడు. ఆ రాత్రి కొట్టు మూసేశాడు. తిరునాళ్ల మధ్యలో కొట్టు మూయడమంటే ఏమిటో ఆ వ్యాపారం చేసేవాళ్లకే తెలుస్తుంది.

మర్నాడు పొద్దున కంచంలో యాభై పెల్లెట్లు పోసి నా ముందు పెట్టాడు. "కళ్లు మూసుకో. ఎడమ చెయ్యి వెనక్కి పెట్టుకో. కుడి చేత్తో ఒక్కోటి తీసి తల ఏదో తోక ఏదో చెప్పు" అన్నాడు. సాయంత్రానికి నేను తడబడకుండా చెప్పగలిగాను. అప్పుడు ఒక్క మాటే అన్నాడు. "ఒరే అబ్బాయ్, కుడి చేతికి పని వస్తే ఎడమ చెయ్యి దేనికి వదులుతావు?"

మన శిబిరంలో మొదటి పాఠం ఇదే. బ్యారెల్ తెరిచి ఉన్నంతసేపూ ఎడమ చెయ్యి దాని మీదే ఉండాలి. ఎడమచేతి వాటం వాళ్లకి ఇది తిరగేసి వర్తిస్తుంది.

ఇప్పుడు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఇది తెలిస్తే మిగతావన్నీ బట్టీ పట్టాల్సిన పని ఉండదు.

సైకిల్ పంపు అందరికీ తెలుసు కదా. పంపు గొట్టం చివర వేలితో మూసి గట్టిగా ఒక్క దెబ్బ కొట్టండి. వేలు కింద గాలి ఎంత ఒత్తిడితో తోస్తుందో తెలుస్తుంది, కాస్త వేడి కూడా తగులుతుంది. ఈ తుపాకీ అదే పంపు. కాకపోతే పంపుని కొట్టేది మన చెయ్యి కాదు, స్ప్రింగు. బ్యారెల్ కిందికి మడిచినప్పుడు ఒక మీట పిస్టన్‌ని వెనక్కి నెడుతుంది, పిస్టన్ వెనకాల లావుపాటి స్ప్రింగు నలుగుతుంది, చివర్లో కొక్కెం పట్టుకుంటుంది. ఆ పట్టుకున్న చప్పుడే టక్. ట్రిగ్గర్ నొక్కితే కొక్కెం వదులుతుంది, స్ప్రింగు పిస్టన్‌ని ముందుకి తోస్తుంది, పిస్టన్ ముందున్న గాలి నలిగి చిన్న రంధ్రంలోంచి వెళ్లి పెల్లెట్‌ని వెనక నుంచి కొడుతుంది.

ఇందులో పెద్ద చిక్కొకటి ఉంది. పిస్టన్ ముందుకి దూసుకెళ్తే తుపాకీ వెనక్కి తంతుంది. పిస్టన్ చివర ఆగేసరికి తుపాకీ ముందుకి ఎగురుతుంది. మందు తుపాకీ ఒక్కసారే వెనక్కి తంతుంది, ఇది రెండుసార్లు, రెండు దిక్కులకి. పైగా ఆ కదలిక పెల్లెట్ ఇంకా బ్యారెల్లో ఉండగానే మొదలవుతుంది. కొన్ని మిల్లీసెకన్ల వ్యవహారమే, కానీ ఆ మిల్లీసెకన్లలో మీ చెయ్యి తుపాకీని ఎలా పట్టుకుందో పెల్లెట్ ఎక్కడికి పోవాలో అది నిర్ణయిస్తుంది.

ఈ తన్నుని పోగొట్టడానికి జర్మనీలో ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ 1960లలో ఒక మంచి పని చేసింది. తుపాకీ లోహపు భాగమంతా చెక్క మీద పట్టాల మీద జారేలా పెట్టింది. పేల్చినప్పుడు లోపలిది వెనక్కి జారుతుంది, భుజానికి మాత్రం తెలియదు. ఆ తుపాకులతో చాలా ఏళ్లు ప్రపంచ స్థాయి పోటీలు నడిచాయి. పది మీటర్ల ఎయిర్ రైఫిల్ 1984 లాస్ ఏంజెలెస్‌లో ఒలింపిక్స్‌లోకి వచ్చింది. తర్వాత్తర్వాత నింపిన గాలి తుపాకులు వచ్చి స్ప్రింగుని పోటీల్లోంచి తప్పించాయి. మన చేతుల్లో ఉన్నవాటికి ఆ పట్టాలు లేవు. తన్నుతాయి. అందుకే వీటితో నేర్చుకున్న చెయ్యి తర్వాత ఏ తుపాకీ పట్టినా నిలబడుతుందని నా నమ్మకం.

సరే, ఇప్పుడు మెల్లగా చేసి చూపిస్తాను. చేతులు చూడండి, నా మొహం కాదు.

తాడు తీశాను. రైఫిల్ నోరు టార్గెట్ల వైపే. కుడి చెయ్యి గ్రిప్ మీద, చూపుడువేలు ట్రిగ్గర్ మీద కాదు, పక్కన చెక్క మీద చాచి ఉంది. బట్‌ని, అంటే భుజానికి ఆనే వెనక భాగాన్ని, కుడి తొడ మీదికి తెచ్చుకున్నాను. చూశారా, తుపాకీని తొడ దగ్గరికి తెచ్చాను గానీ నడుము తిప్పలేదు. కొత్తవాళ్లలో పదిమందిలో ఎనిమిదిమంది ఇక్కడే తప్పు చేస్తారు. బ్యారెల్ గట్టిగా ఉంటుంది కదా, బలం కోసం ఒళ్లంతా కుడివైపు తిప్పేస్తారు. ఒళ్లు తిరిగితే తుపాకీ నోరు పక్క లైన్‌లో ఉన్న పిల్ల కాళ్ల మీదకి పోతుంది. అప్పటికి పెల్లెట్ లేదు, నిజమే. కానీ అలవాటుకి పెల్లెట్ ఉందో లేదో తెలియదు.

ఎడమ అరచేత్తో బ్యారెల్ చివర ఒక చిన్న దెబ్బ. మూతిని పట్టి ఉంచే లాచ్ వదిలింది. గురి చూడటానికి ముందున్న సైటు మీద కొట్టకండి, చెయ్యి కోసుకుంటుంది, సైటు కూడా వంగుతుంది. దానికి కాస్త వెనక్కి పట్టుకోండి. ఇప్పుడు లాగుతున్నాను. గుంజడం లేదు, లాగుతున్నాను. తుపాకీని బట్టి పది పదిహేను కిలోల బలం పడుతుంది. బావిలో చేద తోడేటప్పుడు ఎలా లాగుతాం, ఆగకుండా, ఒకే జోరుతో? అలా. మధ్యలో ఆగితే రెండింతలు బరువనిపిస్తుంది. టక్. అంతే, అక్కడితో ఆగాలి. ఇంకా నొక్కి చూడటం అనవసరం.

ఇప్పుడీ తుపాకీలో స్ప్రింగు బిగిసి ఉంది, బ్యారెల్ తెరిచి ఉంది. దీన్ని మించిన ప్రమాదకరమైన స్థితి ఈ తుపాకీకి లేదు. ఇప్పుడు ట్రిగ్గర్ తగిలితే బ్యారెల్ పైకి లేచి మూసుకుంటుంది. వేలు పోవచ్చు, బ్యారెల్ వంగిపోవచ్చు, చెక్క పగలొచ్చు. కొన్ని కొత్త తుపాకుల్లో తెరిచి ఉండగా ట్రిగ్గర్ పనిచేయకుండా ఏర్పాటు ఉంటుంది. ఉన్నా లేదనే అనుకోండి. బ్యారెల్ మడిచేవి కాకుండా, కింద గానీ పక్కన గానీ మీట ఉండే తుపాకులు కూడా ఉన్నాయి. వాటిలో పెల్లెట్ పెట్టే చోటు ముందుకి జారి మూసుకుంటుంది, అక్కడ వేలు ఉంటే తెగిపోతుంది. వాటికైతే మీట మీద నుంచి చెయ్యి అసలు తీయకూడదు.

నా ఎడమ చెయ్యి ఎక్కడుంది? బ్యారెల్ మీద. ఒంటి బరువు కాస్త దాని మీద వేసి నొక్కి ఉంచాను. కుడి మోచేత్తో బట్‌ని తొడకి ఒత్తి పట్టి, గ్రిప్ మీద నుంచి కుడి చెయ్యి తీసి పెల్లెట్ అందుకున్నాను.

పెల్లెట్ చూడండి. నడుము సన్నం, తల గుండ్రం, తోక గంటలా బోలుగా ఉంటుంది. సీసంతో చేస్తారు, బరువు అర గ్రాము అటూ ఇటూ, లావు నాలుగున్నర మిల్లీమీటర్లు. తల ముందుకి, బోలు వెనక్కి. గాలి ఆ బోలులోకి కొట్టి అంచుని విప్పార్చి బ్యారెల్ గోడలకి ఒత్తుతుంది, అప్పుడే గాలి పక్కల నుంచి కారిపోదు. అందుకే ఆ అంచు ప్రాణం. డబ్బా కింద పడితే ఎన్ని అంచులు సొట్టపోతాయో, అన్ని షాట్లు పోయినట్టే. కింద పడ్డ పెల్లెట్‌ని ఏరి వాడకండి. ఇక్కడ ఎవరూ మిమ్మల్ని లెక్క అడగరు.

బొటనవేలితో లోపలికి నొక్కాను. వేలితో తడిమితే బ్యారెల్ మూతి నున్నగా ఉండాలి, అంచు బయటికి తగలకూడదు. తగిలిందంటే మూసేటప్పుడు అది నలుగుతుంది. కొత్త తుపాకీలో కాస్త బిగువుగా ఉంటే బాల్‌పెన్ను వెనక భాగంతో మెల్లగా ఒత్తొచ్చు. ప్రతిసారీ ఒకే లోతుకి. ఒకసారి లోతుగా, ఒకసారి పైపైన పెడితే పెల్లెట్ వేగం మారుతుంది, మీరు గురి తప్పిందనుకుని సైటు తిప్పుతారు. సైటు తప్పు కాదు, బొటనవేలి తప్పు.

ఒక ముఖ్యమైన విషయం, తల్లిదండ్రులు కూడా వినండి. పెల్లెట్లని నోట్లో పెట్టుకోకూడదు. తిరునాళ్లలో, ఎగ్జిబిషన్లలో కొట్టువాళ్లు నాలుగైదు పెల్లెట్లు పెదాల మధ్య పెట్టుకుని ఒక్కోటి తీసి వేస్తుంటారు, చూడ్డానికి చురుగ్గా ఉంటుంది. నేనూ చేసేవాణ్ణి. ఎవరూ చెప్పలేదు. సీసం విషం. ఒంట్లోకి పోతే బయటికి తొందరగా పోదు, పిల్లల మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. రేంజిలో బిస్కెట్లు, చిప్స్ వద్దు. బయటికి వెళ్లగానే సబ్బుతో చేతులు కడుక్కోవాలి, ఆ తర్వాతే మంచినీళ్ల బాటిల్ అయినా ముట్టుకోవాలి. ఆ కుళాయి దగ్గర సబ్బు పెట్టించాను, లేకపోతే నాకు చెప్పండి.

ఇప్పుడు మూస్తున్నాను. కుడి చెయ్యి మళ్లీ గ్రిప్ మీదికి, వేలు పక్కన. ఎడమ చేత్తో బ్యారెల్ పైకి తెచ్చి నొక్కాను. సినిమాల్లో లాగా ఒక్క విసురుతో మూయకండి. విసిరి మూస్తే ఇరుసు అరుగుతుంది, బ్యారెల్ కొద్దికొద్దిగా పక్కకి ఊగడం మొదలవుతుంది, ఆ తర్వాత ఎంత సైటు సరిచేసినా నిలవదు.

మూశాక వెంటనే ఎత్తకండి. ఇది నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. బ్యారెల్ లాగడానికి చెయ్యి బిగించారు కదా, ముంజేతిలో ఆ బిగువు ఇంకా ఉంది, గుండె కొంచెం వేగంగా కొట్టుకుంటోంది. అదే చేత్తో ఎత్తితే తుపాకీని గట్టిగా పట్టేస్తారు. ఎడమ చెయ్యి వేళ్లు ఒకసారి చాచండి, వదలండి. మూడు ఊపిర్లు. అప్పుడు ఎత్తండి.

ఎత్తాక ఎడమ చెయ్యి ఎలా ఉండాలి? గుళ్లో ప్రసాదానికి అరచెయ్యి చాపుతాం చూడండి, అలా. తుపాకీ ఆ అరచేతి మీద కూర్చుంటుంది, మనం దాన్ని పట్టుకోం. బట్ భుజానికి ఆని ఉంటుంది, గుచ్చుకోదు. కుడి చెయ్యి గ్రిప్ మీద మెల్లగా. తుపాకీ తనకి ఇష్టమైనట్టు వెనక్కి, ముందుకి తన్నుకోనివ్వండి. ప్రతిసారీ ఒకేలా తన్నుకుంటే పెల్లెట్లు ఒకే చోట పడతాయి. గట్టిగా బిగిస్తే ఒక్కోసారి ఒక్కో రకంగా బిగిస్తాం, మనిషి చెయ్యి కదా. చాలామంది కొత్తవాళ్లు ఇసుక మూట మీదో బల్ల అంచు మీదో బ్యారెల్ ఆనించి కొడితే స్థిరంగా ఉంటుందనుకుంటారు. స్ప్రింగు తుపాకీకి అది పనికిరాదు, గట్టి వస్తువు మీద నుంచి అది ఎగురుతుంది.

ఊపిరి సగం వదిలి ఆపండి. ఏడెనిమిది సెకన్లలో షాట్ రాలేదా, దించేయండి. దించడం ఓటమి కాదు. నా దగ్గర ఒక అమ్మాయి ఉండేది, లోడ్ చేసి నాలుగుసార్లు ఎత్తి నాలుగుసార్లు దించి, ఐదోసారి కొట్టింది. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ రోజు కార్డు మీద ఆ షాటే అన్నిటికన్నా మధ్యలో పడింది. షాట్ వెళ్లాక కూడా రెండు సెకన్లు సైటులోంచి అలాగే చూస్తూ ఉండాలి, పెల్లెట్ ఎక్కడ పడిందో చూద్దామని తల ఎత్తకూడదు. పది మీటర్ల కార్డు మీద పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. ఆవగింజ కన్నా చిన్నది. దాన్ని మీరు తల ఎత్తి చూసినా కనబడదు.

తర్వాత పెల్లెట్ లేకుండా పేల్చడం గురించి. కొత్త తుపాకీ చేతికి రాగానే అందరూ చేసే మొదటి పని ఇదే, ఊరికే కాక్ చేసి, అంటే బ్యారెల్ మడిచి స్ప్రింగు బిగించి, ట్రిగ్గర్ నొక్కి చూడటం. దయచేసి చేయకండి. పెల్లెట్ ఉంటే దాని వెనకాల నలిగిన గాలి పిస్టన్‌కి దిండులా అడ్డుపడుతుంది. పెల్లెట్ లేకపోతే గాలి తేలిగ్గా పోతుంది, పిస్టన్ నేరుగా వెళ్లి గోడకి గుద్దుకుంటుంది. పిస్టన్ ముందుండే వాషర్ చెడుతుంది, స్ప్రింగు విరగొచ్చు. షాపులో అమ్మేవాళ్లే అలా చేసి చూపిస్తుంటే కూడా నాకు బాధగా ఉంటుంది.

నూనె సంగతి. పాత తుపాకుల్లో తోలు వాషర్ ఉంటుంది, ఎండిపోకుండా అప్పుడప్పుడు ఒకటి రెండు చుక్కలు చాలు. కొంతమంది కుట్టుమిషన్ నూనె బ్యారెల్ వెనక రంధ్రంలో పోసేస్తారు. తర్వాతి షాట్‌కి తుపాకీ టపాకాయలా పేలుతుంది, పొగ వస్తుంది, కాలిన వాసన. పవర్ పెరిగిందని సంబరపడతారు. గాలి నలిగిన వేడికి లోపల నూనె అంటుకుంది, అంతే. డీజిల్ ఇంజన్‌లో జరిగేదే ఇక్కడా జరిగింది. వాషర్ మాడిపోతుంది.

కాక్ చేసి పెట్టి ఎక్కడికీ వెళ్లొద్దు, ఫోన్ వచ్చినా, అమ్మ పిలిచినా. స్ప్రింగు బిగిసే ఉంటే రోజురోజుకీ బలం పోతుంది. అది పెద్ద విషయం కాదు, కొత్త స్ప్రింగు వేసుకోవచ్చు. బిగిసిన తుపాకీ దగ్గరికి వేరేవాళ్లు రావడం, అదీ విషయం. లోడ్ అయ్యాక స్టాప్ అన్నానంటే, వేలు తీసి, నోరు టార్గెట్ వైపే ఉంచి, చెయ్యి ఎత్తండి. నేను వచ్చి చూస్తాను. అందరూ ఆగాక టార్గెట్ లోకే పేల్చి ఖాళీ చేయిస్తాను. ట్రిగ్గర్ పట్టుకుని బ్యారెల్ మెల్లగా వదిలేద్దామని మీ అంతట మీరు ప్రయత్నించొద్దు.

ఇక పెద్దవాళ్లకి. మన దేశంలో గొట్టం లోపలి వెడల్పు 4.5 మిల్లీమీటర్లు, శక్తి 20 జౌల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కి లైసెన్సు అక్కర్లేదు. లైసెన్సు అక్కర్లేదు కాబట్టి బొమ్మ అనుకోకండి. పది మీటర్ల దూరంలో కార్డుని చీల్చే పెల్లెట్ కంటిని వదలదు. దగ్గర నుంచి తగిలితే ప్రాణం కూడా పోవచ్చు. గాల్లోకి కొడితే రెండు మూడు వందల మీటర్లు పోయి ఎవరి పెరట్లోనో పడుతుంది. ఇంట్లో ప్రాక్టీస్ చేయించాలంటే గోడకి ఆనించి గట్టి ఇనప రేకు, దాని ముందు పాత బట్టలు బాగా కుక్కిన అట్టపెట్టె, దాని మీద కార్డు. మీరు పక్కన ఉంటేనే. తుపాకీ ఒక బీరువాలో తాళం వేసి, పెల్లెట్లు ఇంకో చోట.

పిట్టల మీద కొట్టనివ్వకండి. 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అది వేరే సంగతి. మా ఊళ్లో నా వయసు పిల్లలు గువ్వల్ని కొట్టి తెచ్చేవాళ్లు. నేనూ ఒకదాన్ని కొట్టాను. అది వెంటనే చావలేదు. ఇంతకన్నా చెప్పను. ఈ శిబిరంలో ఎవరైనా ప్రాణి మీద గురిపెట్టినట్టు తెలిస్తే ఆ రోజే ఇంటికి పంపేస్తాను, ఫీజు తిరిగి ఇచ్చేస్తాను.

ఒకమ్మ ఇందాక బయట అడిగారు, "స్ప్రింగు తుపాకీతో మొదలుపెడితే పెద్ద పోటీలకి పనికొస్తుందా" అని. 2008 బీజింగ్‌లో అభినవ్ బింద్రా పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో బంగారం తెచ్చాడు, ఒలింపిక్స్‌లో మన దేశానికి అదే మొదటి వ్యక్తిగత స్వర్ణం. 2012 లండన్‌లో మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ అదే పోటీలో కాంస్యం తెచ్చాడు. ఆ స్థాయి తుపాకుల ధర లక్షల్లో ఉంటుంది, ఈ వయసులో అవి కొనాల్సిన పని లేదు. మన దగ్గర మామూలు సైటుతో కొట్టే ఓపెన్ సైట్ పోటీలు జరుగుతాయి, దేశీ తుపాకీతో వాటిలో దిగొచ్చు. పిల్లకి ఆసక్తి నిలబడుతుందో లేదో ఏడాది చూడండి. ఈలోపు చెయ్యి నేర్చుకున్నది ఎక్కడికీ పోదు.

చిన్నపిల్లలు, పదేళ్ల లోపు వాళ్లు, మీ బలం ఈ స్ప్రింగుకి చాలదు. చాలకపోతే నన్ను పిలవండి, నేను లాగి పెడతాను, పెల్లెట్ మీరు పెట్టండి. బట్ నేల మీద ఆనించి, బ్యారెల్ మీద పడి తొక్కినట్టు నొక్కే ప్రయత్నం మాత్రం చేయకండి, మొహం దాని మీదకి వస్తుంది.

సరే, ఇవాళ్టి పని. టార్గెట్ కార్డులు తిరగేసి పెట్టించాను, అటువైపు తెల్లకాగితమే కనబడుతుంది. చుక్క లేదు, వలయాలు లేవు, స్కోరు లేదు. ఒక్కొక్కరికి పది పెల్లెట్లు. పెల్లెట్ ఎక్కడ పడిందో నేను చూడను, మీరూ చూడకండి. నేను మీ ఎడమ చెయ్యి చూస్తాను. పది సార్లలో ఒక్కసారి కూడా బ్యారెల్ మీద నుంచి లేవకపోతే రేపు చుక్క పెడతాను.

ముందు వరసలో ఐదుగురు రండి. కళ్లద్దాలు ఆ బుట్టలో ఉన్నాయి, పెట్టుకోండి. తాళ్లు ఇంకా తీయొద్దు. లోడ్ అని నేనన్నాకే తీయాలి.